గూగ్లీ వేయడం ఎలా?

గూగ్లీ అంటే లెగ్‌బ్రేక్‌లా కనబడుతూ దానికి ఎదురు వైపు తిరిగే బంతి. కుడిచేతి బ్యాటర్‌కి లెగ్ వైపు నుంచి ఆఫ్ వైపు తిరిగే లెగ్‌బ్రేక్‌ను ఓవర్‌లో నాలుగు బంతులైనా అనుకున్న చోట వేయలేనివాళ్లు గూగ్లీ జోలికి రావద్దు. ఏ నెట్స్‌కి వెళ్లినా ఇదే గోల: లెగ్‌బ్రేక్ జానెడు తిరగదు, గూగ్లీ మాత్రం ఇవాళే వచ్చేయాలి.

కావాల్సినవి తోలు బంతి, ఒక గోడ. టెన్నిస్ బంతితో నేర్చుకోవద్దు. పట్టు లెగ్‌బ్రేక్ పట్టే: చూపుడు, మధ్య వేళ్లు సీమ్‌కి (బంతి మీది కుట్టుకి) అడ్డంగా, ఉంగరపు వేలు మడిచి సీమ్‌కి ఆనించి. రనప్ మార్చక్కర్లేదు.

అసలు చిక్కంతా మణికట్టు దగ్గరే. బంతి వదిలే క్షణానికి మణికట్టు లెగ్‌బ్రేక్‌లో కంటే ఇంకా తిరిగి, అరచేతి వెనక వైపు బ్యాటర్‌కి కనబడాలి. బంతి చిటికెన వేలి మీదుగా బయటికి వస్తుంది. అప్పుడే పిచ్ పడ్డాక కుడిచేతి బ్యాటర్‌కి ఆఫ్ వైపు నుంచి లోపలికి దూసుకొస్తుంది. మణికట్టు తిరగనివాళ్లు ఏం చేస్తారంటే, ఎడమ భుజం కిందికి వంచేసి చేతిని తల మీదికి తెస్తారు. బ్యాటర్‌కి అంతకంటే ఏం కావాలి? భుజం వంగగానే పసిగట్టేస్తాడు.

అందుకే మొదట రనప్ లేకుండా, గోడకి పది అడుగుల్లో పక్కకి తిరిగి నిలబడి, మణికట్టు ఒక్కటే తిప్పుతూ వేయండి. బంతి గోడకి తగిలేముందు నేల మీద ఎటు తిరిగిందో చూసుకోండి. మోచేయి నొప్పెడితే ఆ రోజుకి ఆపేయండి, మొండికేయద్దు. మొదట్లో సరిగ్గా పడకపోయినా దిగులొద్దు. గూగ్లీని కనిపెట్టిన ఇంగ్లండ్ బౌలర్ బోసాంకెట్‌కే 1900లో లార్డ్స్‌లో దానితో తొలి వికెట్ తెచ్చిన బంతి నాలుగు సార్లు నేలని తాకింది. దాన్ని ఆడిన బ్యాటర్ శామ్యూల్ కో పాపం, 98 దగ్గర స్టంపౌట్!

రషీద్ ఖాన్ వేళ్లతోనే వేస్తాడు కదా అంటారు. సన్‌రైజర్స్ మ్యాచ్‌లు నేనూ చూశాను. ఆ చేతి వేగం మీకుంటే అలాగే వేసుకోండి. లేకపోతే మణికట్టే దిక్కు.

ఓవర్‌కి ఒక్కటే, అదీ లెగ్‌బ్రేక్ చూపించాకే. 1948లో ఓవల్‌లో, ఆస్ట్రేలియా దిగ్గజం బ్రాడ్‌మన్ చివరి టెస్ట్ ఇన్నింగ్స్‌లో, ఇంగ్లండ్ స్పిన్నర్ హోలీస్ అతనికి మొదటిది లెగ్‌బ్రేక్ వేశాడు, రెండోది గూగ్లీ. నాలుగు పరుగులు చేస్తే బ్రాడ్‌మన్ టెస్ట్ సగటు వంద అయ్యేది, సున్నాకే బౌల్డ్! ఇంగ్లిష్‌వాళ్లు ఊహించని ప్రశ్న అడిగితే గూగ్లీ వేశాడనేది ఊరికే కాదు. వరసగా మూడు వేస్తే ఇక ఊహించనిదేముంది?

బంతి ఆఫ్ స్టంప్ బయట, కాస్త ముందుకే, అంటే బ్యాటర్‌కి దగ్గరగా పడాలి. షార్ట్ పడిందా, బ్యాటర్ తీరిగ్గా వెనక్కి జరిగి మిడ్‌వికెట్ మీదుగా లేపేస్తాడు.