న్యూక్లియస్‌లు నీలంగా రావట్లేదా? మా ల్యాబ్‌లో పనిచేసింది ఇదీ

హెచ్ అండ్ ఈ (హెమటాక్సిలిన్, ఈయోసిన్ అనే రెండు రంగులతో కణజాలానికి స్టెయిన్ వేసే పద్ధతి) స్లైడ్లలో కణాల న్యూక్లియస్‌లు నీలం తిరక్కుండా ఎర్రటి ఊదా రంగులోనే ఆగిపోతున్నాయని చాలామంది అడుగుతున్నారు. మాకూ అదే వచ్చింది. న్యూక్లియస్‌లకు రంగు పట్టించే హెమటాక్సిలిన్ కొత్తది తెచ్చాం, స్టెయిన్ టైమ్ పెంచాం, ఎక్కువైన రంగును తీసేసే ఆసిడ్ ఆల్కహాల్ తగ్గించాం; లాభం లేదు.

చివరికి సింక్ నీళ్లలో పీహెచ్ పేపర్ ముంచితే 7 కంటే కిందే చూపించింది. అప్పటికే ఆ కుళాయికి ఆర్‌ఓ (లవణాలు తీసేసి శుద్ధి చేసిన నీళ్ల) లైన్ ఇచ్చేశారు! బ్లూయింగ్‌కి, అంటే ఎర్రటి హెమటాక్సిలిన్‌ని నీలంగా మార్చే దశకి, నీళ్లు కాస్త క్షారంగా ఉండాలి మరి.

లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 20 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ పూర్తిగా కరిగించి, ఆ తర్వాత 2 గ్రాముల సోడియం బైకార్బనేట్ కలిపాం. హెమటాక్సిలిన్ అయ్యాక నీళ్లు, ఆసిడ్ ఆల్కహాల్‌లో రెండు ముంపులు, మళ్లీ నీళ్లు, అప్పుడు ఈ ద్రావణంలో ఒక నిమిషం. చూస్తుండగానే సెక్షన్ (స్లైడ్ మీది పలుచటి కణజాలపు ముక్క) ఎరుపు వదిలి నీలం తిరిగింది. ఈయోసిన్‌కి ముందు మాత్రం ఓపిగ్గా కడగండి. క్షారం మిగిలితే ఈయోసిన్ ఇచ్చే గులాబీ రంగు పాలిపోతుంది.

మేం వాడేది హ్యారిస్ హెమటాక్సిలిన్. మీ నీళ్ల పీహెచ్ బాగానే ఉంటే లోపం పాతబడ్డ స్టెయిన్‌దో, ఫిక్సేషన్‌దో (కణజాలం చెడకుండా ముందే భద్రపరిచే దశ) కావచ్చు, అప్పుడు దీంతో పనవుతుందని చెప్పలేను. ముందు పీహెచ్ పేపర్ ముంచి చూడండి.