పిల్లల చెవులు కుట్టించడం: ముందు చూసుకోవలసినవి, తర్వాతి ఆరు వారాలు

పిల్లల చెవులు కుట్టించాలనుకున్నప్పుడు మొదట వచ్చే ప్రశ్న వయసు గురించే. వైద్యపరంగా ఫలానా నెలలోనే కుట్టించాలన్న నియమం ఏదీ లేదు. అయితే రెండు నెలలు నిండని పసికందుకు మాత్రం కుట్టించకపోవడమే క్షేమం. ఆ వయసులో 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వస్తే, దానికి కారణం చెవి బెజ్జమా లేక మరేదైనా తీవ్రమైన ఇన్ఫెక్షనా అన్నది పైకి చూసి తేల్చడం వైద్యులకు కూడా సాధ్యం కాదు కనుక, బిడ్డను ఆసుపత్రిలో చేర్చి రక్తపరీక్షల వంటివన్నీ చేయవలసి వస్తుంది. ధనుర్వాతం టీకా కనీసం రెండు డోసులు పడేదాకా ఆగమని కూడా చాలామంది పిల్లల వైద్యులు చెబుతారు. ఆ తర్వాత, నా అభిప్రాయంలో, ఈ పనికి అనువైన సమయాలు రెండు. ఒకటి, బిడ్డ బొటనవేలితో, చూపుడువేలితో చిన్న వస్తువును పట్టి లాగడం నేర్వకముందు, అంటే సుమారు తొమ్మిదో నెల లోపు. రెండోది, ముట్టుకోవద్దంటే ఎందుకో అర్థం చేసుకోగలిగే నాలుగైదేళ్ల వయసు. మధ్యలో ఉన్న ఏడాది నుంచి మూడేళ్ల కాలంలో పిల్లలు గట్టిగా గింజుకుంటారు, దిద్దును లాగుతారు, ఊడివస్తే నోట్లో పెట్టుకుంటారు. నాలుగైదేళ్ల పాపకు నొప్పి పుడుతుందన్న సంగతి ముందే నిజాయితీగా చెప్పాలి. తను వద్దంటే వాయిదా వేయాలి. ఇందులో తొందరపడవలసినంత అవసరం ఏ బిడ్డకూ ఉండదు.

కొందరు పిల్లల విషయంలో వైద్యుడిని అడగకుండా అడుగు ముందుకు వేయకూడదు. పుట్టుకతో గుండెలో లోపం ఉన్నవారు, రక్తం త్వరగా గడ్డకట్టనివారు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారు, మధుమేహం ఉన్నవారు, చెవి చుట్టూ గజ్జి లేదా ఎగ్జిమా ఉన్నవారు ఈ కోవలోకి వస్తారు. కుటుంబంలో ఎవరికైనా దెబ్బ తగిలిన చోట మచ్చ ఉబ్బి గడ్డలా పెరిగే లక్షణం, అంటే కీలాయిడ్, ఉంటే ఆ సంగతి కూడా చెప్పాలి. 11 ఏళ్లు దాటాక కుట్టించుకున్నవారిలో ఈ గడ్డలు ఎక్కువగా వస్తాయి కనుక, ఇటువంటి కుటుంబాలలో పెద్దయ్యాక చూద్దాంలే అని నాన్చడం కంటే, కుట్టించాలా వద్దా అన్నది చిన్నతనంలోనే వైద్యుడితో మాట్లాడి తేల్చుకోవడం మేలు.

కుట్టేది ఆసుపత్రిలోనైనా, నగల దుకాణంలోనైనా, ఆ స్థలం పేరు కన్నా అక్కడ వాడే పరికరం ముఖ్యం. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట, ఎండిపోయిన రక్తపు మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. మంటలో ఒకసారి చూపించిన సూదినో, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచిన సూదినో నమ్మకూడదనడానికి కారణం ఇదే. మళ్లీ వాడే పరికరాలను ఆటోక్లేవ్‌లో, 121 డిగ్రీల వేడి ఆవిరిలో, ఒత్తిడి కింద కనీసం పదిహేను నిమిషాలు ఉంచితేనే అవి పూర్తిగా క్రిమిరహితం అవుతాయి. ఒకసారి వాడి పారేసే సూది అయితే ఇంకా మంచిది. ఆ ప్యాకెట్‌ను మీ కళ్ల ముందే చింపమని మొహమాటపడకుండా అడగండి. చేతులు కడుక్కోవడం, కొత్త గ్లౌజులు తొడుక్కోవడం, ఆ గ్లౌజులతో ఫోను గానీ డబ్బు గానీ ముట్టుకోకపోవడం గమనించండి. అడిగినందుకు విసుక్కున్నవారి దగ్గర బిడ్డ చెవి పెట్టవలసిన పనిలేదు.

చెవులు కుట్టే గన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దాని ప్లాస్టిక్ భాగాలు ఆటోక్లేవ్ వేడికి తట్టుకోలేవు కనుక, ఒక బిడ్డకు వాడిన పిడిని పైపైన తుడిచి మరో బిడ్డకు వాడే ప్రమాదం ఉంది. పైగా అది పదునైన సూదిలా చర్మాన్ని కోయదు. మొద్దుగా ఉన్న దిద్దు కాడను స్ప్రింగు బలంతో తమ్మెలోకి దూర్చుతుంది. దిద్దుతో పాటు చర్మాన్ని తాకే భాగమంతా సీలు వేసిన ప్యాకెట్‌లో వచ్చి, ఒక్కసారికే పనికివచ్చే రకాలు కొంత నయం. అయినా సూదికే నా ఓటు. సూదైనా గన్ అయినా మెత్తని తమ్మెకే పరిమితం కావాలి. చెవి పైభాగంలోని మృదులాస్థికి సొంతంగా రక్తనాళాలు ఉండవు. అక్కడ ఇన్ఫెక్షన్ వస్తే త్వరగా లొంగదు, చెవి ఆకారమే చెడిపోవచ్చు.

ఇక దిద్దు. తాజా బెజ్జంలో ఏ లోహం ఉంటుందన్నది చాలామంది పట్టించుకోరు గానీ, జీవితాంతం వెంటాడే ఇబ్బంది తరచుగా ఇక్కడే మొదలవుతుంది. చర్మానికి ఒకసారి నికెల్ పడదని తేలితే, ఆ తర్వాత గడియారం పట్టీ, ప్యాంటు గుండీ, బెల్టు బకిల్ ఏది తగిలినా దురద, దద్దుర్లు వస్తూనే ఉంటాయి. సర్జికల్ స్టీల్ అన్న పేరు విని ధైర్యపడకండి, 316ఎల్ రకం స్టీలులో 10 నుంచి 14 శాతం నికెలే ఉంటుంది. తెల్ల బంగారంలోనూ అది ఉండవచ్చు. పైపూత వేసిన నగలు పూత అరిగాక అసలు లోహాన్ని చర్మానికి తగిలిస్తాయి. శరీరంలో అమర్చే స్థాయి టైటానియం అన్నిటికన్నా నిశ్చింత. బంగారమైతే 18 క్యారట్లకు తగ్గకుండా చూసుకోండి. 22 క్యారట్ల బంగారంలో 91.6 శాతం పసిడే అయినా, అది మెత్తన కనుక మర త్వరగా అరిగిపోతుంది, అప్పుడప్పుడూ సరిచూడాలి. ఆకారం చిన్నదిగా, నున్నగా, వెనుక మరతో బిగిసేదిగా ఉండాలి. రింగులు, వేలాడే కమ్మలు, రాళ్లు పొదిగిన కొక్కేలు దుప్పటికీ జుట్టుకీ చిక్కుకుంటాయి. కాడ పొడవు తమ్మె మందం కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి, ఎందుకంటే కుట్టాక తమ్మె తప్పకుండా కొంత వాస్తుంది.

కుట్టించే రోజు బిడ్డ ఆరోగ్యంగా ఉండాలి, నిద్ర చాలినదై ఉండాలి. తలస్నానం ముందే చేయించి, తల మీదుగా తీయనవసరం లేని ముందు గుండీల చొక్కా తొడగండి. మందుల దుకాణంలో దొరికే తిమ్మిరి క్రీమును వైద్యుడు చెప్పకుండా పసిపిల్లలకు రాయకండి. మోతాదు మించితే రక్తం ఆక్సిజన్‌ను సరిగా మోయలేని స్థితి ఏర్పడవచ్చు. పాలు తాగే బిడ్డకు ఆ సమయంలో తల్లి పాలు పట్టడమే మంచి నొప్పి నివారణ. సూది దిగేముందు చెవులపై పెట్టిన చుక్కలను, బిడ్డ తల నిటారుగా ఉన్నప్పుడు, ఎదురుగా నిలబడి మీరే చూడండి. చెవులు రెండూ ఒకే ఎత్తులో ఉండవు కనుక ఒకటికి రెండుసార్లు దిద్దించుకున్నా తప్పులేదు. చుక్క తమ్మె మధ్యన పడాలి, అంచుకు దగ్గరైతే పెద్దయ్యాక నగ బరువుకు బెజ్జం సాగి తమ్మె చిరిగే ప్రమాదం ఉంటుంది.

మా చిన్నమ్మాయికి కుట్టించినప్పుడు నేను చేసిన తప్పు ఇక్కడ చెప్పడం అవసరం. కుట్టినవారు దిద్దు వెనుక బిగించే శీల జారకుండా గట్టిగా బిగించి పంపారు, ఊడితే మింగుతుందేమోనన్న భయంతో నేనూ వదులు చేయలేదు. నాలుగో రోజు తెల్లవారుజామున పాలు పడుతూ చెవి వెనక్కి వేలు పోనిస్తే శీల చేతికి తగలలేదు. దీపం కిందికి తీసుకెళ్లి చూస్తే తమ్మె ఎర్రగా ఉబ్బి, శీల సగానికి పైగా చర్మంలోకి దిగబడి, అంచు మాత్రం సన్నటి గీతలా కనిపించింది. వైద్యుడు తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి దానిని బయటకు తీయవలసి వచ్చింది. అందుకే మొదటి రెండు వారాలు రోజూ ఉదయం, సాయంత్రం వెలుతురులో చెవి ముందువైపే కాక వెనుకవైపు కూడా చూడండి. శీలకూ చర్మానికీ మధ్య కొద్దిగా ఖాళీ కనిపించాలి.

శుభ్రం చేయడం తేలిక, అతి చేయకపోవడమే కష్టం. సబ్బుతో చేతులు కడుక్కుని, రోజుకు రెండుసార్లు 0.9 శాతం సెలైన్‌తో తడిపిన శుభ్రమైన గాజుగుడ్డను ముందూ వెనుకా కాసేపు ఆనించి, మెత్తబడిన పక్కును మాత్రమే తుడిచి, పొడిగా అద్దాలి. మందుల దుకాణంలో కొన్న సెలైన్ చాలు. ఎండిన పక్కును గోటితో గిల్లకూడదు. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్ పదే పదే వాడితే మానుతున్న కొత్త చర్మం కూడా దెబ్బతింటుంది. నూనెలు, పొడులు, పసర్లు బెజ్జంలోకి పోనివ్వకండి. దిద్దును రోజూ తిప్పాలన్న పాత సలహాను ఇప్పుడు నిపుణులు వద్దంటున్నారు, తిప్పిన ప్రతిసారీ ఎండిన పక్కు లోపలికి జారి, అప్పుడే అల్లుకుంటున్న చర్మం చిరుగుతుంది. పుండు మానేదాకా ఈతకొలనుకు వెళ్లనివ్వకండి. దిండు గలీబును తరచుగా మార్చండి.

మొదటి రెండు మూడు రోజులు కొద్దిపాటి ఎరుపు, వాపు, ఎండితే పక్కులా మారే పలచని ద్రవం సహజం. ఎరుపు రోజురోజుకూ విస్తరించడం, తమ్మె సెగలు కక్కడం, పసుపుపచ్చని లేదా ఆకుపచ్చని చీము, ముట్టుకుంటే బిడ్డ ఉలిక్కిపడి ఏడవడం, జ్వరం రావడం మాత్రం ఆ రోజే వైద్యుడికి చూపించవలసిన లక్షణాలు. అటువంటప్పుడు దిద్దును మీరే తీసేయకండి. బెజ్జం మూసుకుపోయి చీము లోపలే చిక్కుకుపోవచ్చు. చీము లేకుండా రెండు చెవులకూ దురద, పొలుసులు కనిపిస్తే లోహం పడలేదేమోనని అనుమానించాలి. దిద్దుగానీ శీలగానీ కనిపించక, బిడ్డ ఆగకుండా దగ్గుతున్నా, ఊపిరికి ఇబ్బంది పడుతున్నా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఆరు నుంచి ఎనిమిది వారాలు గడిచి, ఎరుపు, నొప్పి, స్రావం పూర్తిగా తగ్గాకే మొదటి దిద్దులు మార్చాలి. పాతది తీసిన వెంటనే కొత్తది పెట్టాలి, ఎందుకంటే పైకి మానినట్లు కనిపించినా మొదటి కొన్ని నెలలలో బెజ్జం ఒక్క రోజులోనే బిగుసుకుపోవచ్చు. ఒకవేళ మూసుకుపోతే దిద్దును బలవంతంగా గుచ్చవద్దు. మచ్చ పూర్తిగా మెత్తబడేదాకా కొన్ని నెలలు ఆగి, మచ్చ మీద కాకుండా దాని పక్కన మళ్లీ కుట్టించవచ్చో లేదో వైద్యుడికి చూపించి అడగండి.