డార్క్ సోల్స్‌కు డీఎస్‌ఫిక్స్ అమర్చుకోవడం

2012లో పీసీకి వచ్చిన డార్క్ సోల్స్ అనే వీడియో గేమ్ తొలి కూర్పు, మానిటర్ ఎంత పెద్దదైనా బొమ్మను 1024×720 పిక్సెళ్లలోనే గీసి సాగదీస్తుంది కనుక, కవచాల అంచులు అలుక్కుపోయినట్లు కనిపిస్తాయి. ఒక అభిమాని ఉచితంగా అందించిన డీఎస్‌ఫిక్స్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ ఈ లోపాన్ని చక్కగా సరిదిద్దుతుంది.

ముందుగా ఆటలో మీరు ఎంతవరకు వచ్చారో దాచి ఉంచే సేవ్ ఫైలును వేరేచోట దాచుకోండి. విజయనగరంలో మా ఇంట్లో ఆట మధ్యలో కరెంటు పోయి సేవ్ పాడైనప్పటి నుంచి నేను ఈ పని మానలేదు.

డీఎస్‌ఫిక్స్ జిప్‌లోని ఫైళ్లను ఆటలోని డేటా ఫోల్డరులో ఉంచి, ఆట సెట్టింగుల్లో యాంటీ అలియాసింగ్‌ను (అంచులను నునుపు చేసే సెట్టింగు) తప్పనిసరిగా ఆపివేయాలి. ఆపై సెట్టింగులుండే డీఎస్‌ఫిక్స్ ఐఎన్‌ఐ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి, రెండర్ విడ్త్ (బొమ్మ వెడల్పు) ఎదుట 1920, రెండర్ హైట్ (ఎత్తు) ఎదుట 1080 రాయండి. అన్‌లాక్ ఎఫ్‌పీఎస్‌ను 1 చేస్తే సెకనుకు 30 ఫ్రేములకు బదులు 60 వస్తాయి, అయితే నిచ్చెన మీద నుంచి జారి దిగితే పాత్ర నేలలోంచి పడిపోవచ్చు కాబట్టి మెట్టు మెట్టుగా దిగండి.