చివరి రోజులు ఇంట్లోనే: రాత్రికి కావాల్సింది పగలే సిద్ధం చేసుకోండి

"ఇంక ఇంటికి తీసుకెళ్లి చూసుకోండి" అని డాక్టర్ చెప్పగానే చాలామంది డిశ్చార్జి కాగితం ఒక్కటే పట్టుకుని బయటపడతారు. అది చాలదు. ఇంట్లో సంరక్షణ ఎలా ఉందో అర్ధరాత్రి రెండు గంటలకు తేలిపోతుంది. నొప్పి లేస్తే ఇవ్వడానికి మందు ఉందా, ఎంత ఇవ్వాలో రాసి ఉందా, ఫోన్ చేస్తే ఎత్తే డాక్టరో నర్సో ఉన్నారా? ఈ మూడింటికీ జవాబు ఆసుపత్రి గేటు దాటకముందే తెచ్చుకోవాలి.

తిరుపతిలో స్విమ్స్‌లోనో టాటా క్యాన్సర్ ఆసుపత్రిలోనో చూపించి ఉంటే పాలియేటివ్ కేర్ (జబ్బు నయం కాకపోయినా నొప్పి, బాధ తగ్గించే వైద్యం) గురించి అక్కడే అడగండి. చిత్తూరు వైపు వాళ్లు చాలామంది వెళ్లే వెల్లూరు సీఎంసీలో దీనికి ప్రత్యేక విభాగమే ఉంది. తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్ మామూలు మెడికల్ షాపుల్లో దొరకదు. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించాక గుర్తింపు ఉన్న ఆసుపత్రులకు తెప్పించుకోవడం సులువైంది కానీ, దొరికే చోట్లు ఇప్పటికీ తక్కువే. అందుకే ఇంకో వారానికి మాత్రలు ఉండగానే మళ్లీ తెచ్చుకోండి. వెల్లూరు నుంచి రాష్ట్రం దాటి తెచ్చేటప్పుడు చీటీ, ఆసుపత్రి కార్డు మందుతోపాటే ఉండాలి.

నొప్పి మందు

మార్ఫిన్ మొదలుపెడితే మనిషి తొందరగా పోతాడన్న భయంతో ఇంట్లో మాత్రలు పెట్టుకుని కూడా ఇవ్వని వాళ్లున్నారు. సరైన మోతాదులో అది ప్రాణం తీయదు. మోతాదు డాక్టరే నిర్ణయించాలి. సాధారణంగా 5 నుంచి 10 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు, పెద్దవయసు వాళ్లకు ఇంకా తక్కువ. మామూలు మాత్ర పనిచేసేది నాలుగు గంటలే. కాబట్టి నొప్పి వచ్చాక చూద్దామని ఆగకుండా పొద్దున 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10 అని గడియారం ప్రకారం ఇవ్వాలి. రాత్రి 10 గంటల మోతాదును డాక్టర్లు తరచూ రెట్టింపు చేస్తారు, తెల్లవారుజామున 2 గంటలకు లేపే పని లేకుండా. మధ్యలో నొప్పి లేస్తే ఇచ్చే అదనపు మోతాదు ఎంతో విడిగా రాయించుకోండి. అది ఎన్నిసార్లు ఇచ్చారో ఒక నోటుబుక్కులో టైముతో సహా రాయండి. రోజుకు మూడు నాలుగు సార్లు ఇవ్వాల్సి వస్తుంటే అసలు మోతాదు చాలడం లేదని అర్థం, ఫోన్ చేసి పెంచమని అడగాలి.

మొదటి రెండు మూడు రోజులు మత్తు, వికారం ఉంటాయి, తగ్గిపోతాయి. మలబద్ధకం మాత్రం తగ్గదు. మార్ఫిన్ మొదలైన రోజే బిసాకొడిల్ లాంటి విరేచన మాత్ర కూడా మొదలవ్వాలి. ఇసబ్‌గోల్ ఇవ్వకండి, నీళ్లు సరిగా తాగలేని మనిషి కడుపులో అది గట్టిపడి ఇంకా అడ్డుపడుతుంది. నాలుగైదు రోజులు విరేచనం కాక, తర్వాత ఉన్నట్టుండి నీళ్లలా కారితే అది విరేచనాలు కాకపోవచ్చు. గట్టి మలం అడ్డంగా ఉంటే దాని పక్కనుంచి నీరు కారుతుంది. అప్పుడు విరేచనాలు ఆపే మాత్ర వేయడం పెద్ద తప్పు.

కాళ్లూ చేతులూ ఉలిక్కిపడుతున్నా, పిలిస్తే పలకనంత మత్తు ఉన్నా, శ్వాస నిమిషానికి ఎనిమిదికన్నా తగ్గినా తర్వాతి మోతాదు ఆపి డాక్టర్‌కు ఫోన్ చేయండి. కిడ్నీలు దెబ్బతిన్న వాళ్లలో మార్ఫిన్ ఒంట్లో పేరుకుపోతుంది. ఒంటికి అంటించే నొప్పి మందు, ఫెంటానిల్ పట్టీ, వాడుతుంటే దాని మీద వేడినీళ్ల సంచి పెట్టకూడదు. వేడికి మందు ఎక్కువగా లోపలికి దిగుతుంది. జ్వరం వచ్చినా అంతే.

మంచం, ఒళ్లు

నులక మంచం వద్దు. నడుము దగ్గర కుంగిపోయి మనిషిని పక్కకు తిప్పడమే కష్టమవుతుంది. ఎయిర్ బెడ్ మంచిదే కానీ కరెంటు పోతే గాలి దిగిపోయి మనిషి చెక్క మీద పడుకున్నట్టవుతుంది, అందుకని దాని కింద మామూలు పరుపు ఉండాలి. ఎయిర్ బెడ్ ఉంది కదా అని తిప్పడం మానకూడదు. రెండు గంటలకోసారి ఎడమకు, వెల్లకిలా, కుడికి మార్చండి. పూర్తిగా పక్కకు దొర్లించకుండా వీపు వెనక దిండు పెట్టి కొద్దిగా వాల్చితే తుంటి ఎముక మీద బరువు పడదు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉంచండి. మన చర్మం రంగులో పుండు మొదలయ్యే ఎరుపు కంటికి కనబడకపోవచ్చు. నడుము కింద, మడమల దగ్గర చేత్తో తాకి చూడండి. వేడిగా, గట్టిగా, చుట్టుపక్కలకన్నా నల్లగా ఉంటే అక్కడ రుద్దకండి, ఆ వైపు పడుకోబెట్టకండి.

పుండు వాసన వస్తుంటే అగరొత్తులు ఇంకో బాధ, ఆ పొగకు ఆయాసం పెరుగుతుంది. మెట్రోనిడజోల్ మాత్రలు పొడి చేసి పుండు మీద చల్లే పద్ధతి ఉంది, నర్సును అడిగి చేయండి. ఈగలు వాలకుండా పుండు ఎప్పుడూ కప్పి ఉండాలి.

తిండి, నీళ్లు, తీర్థం

ఇంట్లో ఎక్కువ గొడవ ఇక్కడే. "రెండు ముద్దలన్నా తినిపించండి" అని చూడటానికొచ్చిన ప్రతివాళ్లూ అంటారు. ఆఖరి వారాల్లో ఒళ్లు తిండిని వాడుకోలేదు, ఆకలీ ఉండదు. బలవంతంగా పోసిన రాగి జావ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అడిగితే రెండు చెంచాలు మజ్జిగ, లేకపోతే లేదు. సెలైన్ ఎక్కించమని పట్టుబట్టడం కూడా మేలు చేయదు, ఆ నీరు చాలాసార్లు కాళ్లలో వాపుగానో గొంతులో గురగురగానో తేలుతుంది. దాహం అనిపించేది నోరు ఎండడం వల్ల. గ్లాసు నీళ్లలో అర టీస్పూను వంటసోడా కలిపి, గాజుగుడ్డ ముంచి, రెండు గంటలకోసారి నోరు తుడవండి. పెదాలకు వాజలీన్ రాయండి. నాలుక మీద తెల్లటి పొర కనిపిస్తే ఫంగస్ కావచ్చు, దానికి మందుంది.

తులసి తీర్థం పోయాలనుకుంటే తల ఎత్తి పెట్టి, వేలితో పెదాల మీద రెండు చుక్కలు తడపండి. ఉద్ధరిణె నిండా పోస్తే మింగలేక పొలమారుతుంది.

ఆయాసానికి తల వైపు ఎత్తుగా దిండ్లు, కిటికీ తెరవడం, ముఖానికి నేరుగా తగిలే చిన్న టేబుల్ ఫ్యాన్ నిజంగా పనిచేస్తాయి. ఆక్సిజన్ సిలిండరు రక్తంలో ఆక్సిజన్ తగ్గినవాళ్లకే ఉపయోగం.

ఆఖరి రెండు మూడు రోజులు

నిద్ర ఎక్కువవుతుంది, మూత్రం తగ్గుతుంది, కాళ్లు చల్లబడి మోకాళ్ల దగ్గర మచ్చలు పడతాయి, ఊపిరి ఆగి ఆగి వస్తుంది. గొంతులో గురగుర వింటున్న వాళ్లకే ఎక్కువ బాధ. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, గొట్టం వేసి కఫం లాగితే ఇంకా పెరుగుతుంది. ఉన్నట్టుండి అశాంతిగా కదులుతుంటే ముందు పొత్తికడుపు తాకి చూడండి. మూత్రానికి పెట్టిన క్యాథెటర్ గొట్టం మడతపడి మూత్రం నిలిచిపోయిందేమో. ఇది తరచూ జరుగుతుంది, ఎవరికీ తట్టదు.

మంచం మీంచి నేల మీదికి దించే ఆచారం ఉన్న ఇళ్లలో దించడానికి అరగంట ముందు నొప్పి మందు అదనపు మోతాదు ఇవ్వండి, కింద మందమైన బొంత పరవండి. అద్దె ఇంట్లో ఉంటే ఓనరుతో ఇప్పుడే మాట్లాడుకోండి. శవం ఇంట్లో ఉండకూడదని ఆఖరి గంటలో అన్నారంటే మనిషిని ఆటోలో తిప్పాల్సి వస్తుంది.

వెంటిలేటర్ వద్దనుకుంటే తెలివి ఉన్నప్పుడే రాసి పెట్టుకోవచ్చు. 2023లో సుప్రీంకోర్టు పద్ధతిని సులువు చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ముందు సంతకం చాలు. ఇంట్లోనే ఉంచుదామని నిర్ణయించుకున్నాక కంగారులో 108కి ఫోన్ చేస్తే దారిలోనే ప్రాణం పోవచ్చు. అప్పుడు మనిషి చరిత్ర తెలియని క్యాజువాలిటీ డాక్టర్ పోలీసులకు చెప్పే అవకాశం ఉంది. దానికి బదులు, ఆసుపత్రిలోనే అడిగి తెచ్చుకున్న డాక్టర్ లేదా నర్సు నంబరు నోటుబుక్కు మొదటి పేజీలో రాసి పెట్టుకుని, దానికి చేయండి.

తర్వాత

నేత్రదానం చేయాలనుకుంటే ఆరు గంటల్లోపు జరగాలి. కళ్లు మూసి తడి దూది పెట్టండి, ఫ్యాన్ ఆపండి. పేస్‌మేకర్ ఉంటే దహనానికి ముందు తీయించాలి, మంటలో పేలుతుంది. చివరి జబ్బుకు చూసిన డాక్టర్ మరణ కారణం ధ్రువపత్రం ఫీజు లేకుండా ఇవ్వాలి. దాంతో 21 రోజుల్లోపు తిరుపతిలోనైతే కార్పొరేషన్‌లో, పల్లెలోనైతే పంచాయతీ కార్యదర్శి దగ్గర మరణం నమోదు చేయించండి. మిగిలిన మార్ఫిన్ మాత్రలు లెక్కపెట్టి ఇచ్చిన ఆసుపత్రికే తిరిగి అప్పగించండి.