పత్తి సీజన్ మొదలయ్యేలోపు మీ యాప్‌లో సర్టిఫికెట్ చెకింగ్ చూసుకోండి, ఆఫ్ చేసి ఉంటే ఇయ్యాలనే ఆన్ చేయండి

మొన్న హన్మకొండలో ఒక యాప్‌ని సెక్యూరిటీ టెస్టింగ్‌కి ఇస్తే బయటపడ్డ సంగతి ఇది, పేర్లు చెప్పను. పత్తి కొనే వ్యాపారులు వాడే యాప్. కాంటా అయినంక రైతు పేరు, తూకం, రేటు, బ్యాంకు అకౌంట్ నంబర్ అందులో ఎక్కిస్తరు, పైసలు ఆ అకౌంట్‌కే పోతయ్. సర్టిఫికెట్ అంటే "నేను ఫలానా సర్వర్‌నే" అని సర్వర్ చూపించే గుర్తింపు కార్డు, యాప్ దాన్ని చెక్ చేసినంకనే ముందుకు పోవాలె. టెస్టింగ్ చేసే పిల్లగాడు ల్యాప్‌టాప్‌లో ఎంఐటీఎం ప్రాక్సీ (ఫోన్‌కి, సర్వర్‌కి నడుమ దూరి రెండు దిక్కుల మాటలు చూసే సాఫ్ట్‌వేర్) నడిపి, ఫోన్‌ని దాని వైఫైకి కలిపి, ప్రాక్సీ సొంతంగా పుట్టించిన దొంగ సర్టిఫికెట్‌ని ఫోన్‌లో ఇన్‌స్టాల్ కూడా చేయకుండనే యాప్ ఓపెన్ చేసిండు. యాప్ అక్కడనే ఆగిపోవాలె. ఆగలే. లాగిన్ పాస్‌వర్డ్‌తో సహా రైతుల అకౌంట్ నంబర్లన్నీ స్క్రీన్ మీద సాఫ్‌గా కనబడ్డయ్. దానికన్నా ఘోరం, సర్వర్ నుంచి వచ్చే జవాబులో ఒక అకౌంట్ నంబర్ మార్చి పంపితే యాప్ నోరుమూసుకుని దాన్నే చూపించింది. ఎవరి పైసలూ పోకముందే దొరికింది కాబట్టి సరిపోయింది, అదే నవంబర్‌లో ఎనుమాముల మార్కెట్ గేటు దగ్గర ఎవడో ఫ్రీ వైఫై పెట్టుకుని కూర్చుంటే ఎట్లుండేదో ఆలోచించండి.

హెచ్‌టీటీపీఎస్ పెట్టండి, తాళం గుర్తు చూడండి లాంటివి నేను చెప్పను, అవి అందరికీ తెలుసు. ఆ యాప్‌లో కూడా హెచ్‌టీటీపీఎస్ ఉన్నది. నేను చెప్పేది ఒక్క తప్పు గురించి, ఎందుకంటే మడికొండ దిక్కు చిన్న ఆఫీసుల్లో అయినా, కాలేజీ నుంచి అప్పుడే బయటికొచ్చి ప్రాజెక్టులు చేసే పిల్లల దగ్గర అయినా మళ్ళా మళ్ళా ఇదే చూస్తున్న: ఎర్రర్ వచ్చింది కదా అని వెరిఫికేషన్ ఆఫ్ చేసుడు.

ఈ తప్పు ఎట్ల మొదలైతది

ఎవరూ కావాలని చేయరు. ఎండాకాలంలో సర్వర్‌ని కొత్త హోస్టింగ్‌కి మార్చిన్రు, కొత్త సర్టిఫికెట్ వేసిన్రు. ల్యాప్‌టాప్‌లో క్రోమ్‌లో సైట్ మంచిగనే ఓపెన్ అయితది. ఆండ్రాయిడ్ యాప్‌లో మాత్రం "ట్రస్ట్ యాంకర్ ఫర్ సర్టిఫికేషన్ పాత్ నాట్ ఫౌండ్" అని వస్తది. బ్రౌజర్‌లో వస్తుంది కాబట్టి సర్టిఫికెట్ కరెక్టే, మన కోడ్‌లోనే ఏదో పంచాయతీ ఉందని అనుకుని, నెట్‌లో వెతికి ఎక్స్509 ట్రస్ట్ మేనేజర్ అనే క్లాస్ కాపీ కొడతరు. అందులో చెక్ సర్వర్ ట్రస్టెడ్ అనే ఫంక్షన్ లోపల ఒక్క లైన్ కూడా ఉండదు, మొత్తం ఖాళీ. ఎవరొచ్చినా సరే అన్నట్టే. ఎర్రర్ పోయింది, రిలీజ్ అయింది, అంతే ఎవరూ మళ్ళా దాని దిక్కు చూడలే.

అసలు లోపం సర్వర్ దగ్గర ఉన్నది. పొలం కొనేటప్పుడు అమ్మేటోని పట్టా ఒక్కటే చూడం కదా, లింక్ డాక్యుమెంట్లు అడుగుతం, ఆయనకు ఎవరి నుంచి వచ్చింది, వాళ్లకు ఎవరి నుంచి వచ్చింది అని. సర్టిఫికెట్ చైన్ కూడా అదే. మీ సైట్ సర్టిఫికెట్ మీద ఇంటర్మీడియట్ అనే నడిమి సర్టిఫికెట్ సంతకం ఉంటది, ఇంటర్మీడియట్ మీద రూట్ సంతకం ఉంటది, అన్నిటికన్నా పైనున్న ఆ రూట్ ముందుగాల నుంచే ఫోన్ల ట్రస్ట్ స్టోర్‌లో, అంటే నమ్మే రూట్ల లిస్టులో ఉంటది. సర్వర్ మీ సర్టిఫికెట్ ఒక్కటే పంపి నడిమిది పంపకపోతే చైన్ తెగినట్టే. క్రోమ్ లాంటి బ్రౌజర్ ఆ నడిమి దాన్ని సర్టిఫికెట్ లోపల రాసి ఉన్న అడ్రస్ నుంచి తనే తెచ్చుకుంటది, ఫైర్‌ఫాక్స్ ఇంటర్మీడియట్లను ముందే దింపి పెట్టుకుంటది. మీ యాప్, మీ పైథాన్ స్క్రిప్ట్, మీ జావా ప్రోగ్రాం మామూలుగా అట్ల తెచ్చుకోవు. అందుకే బ్రౌజర్‌లో రావడం సర్టిఫికెట్ సక్కగ ఉన్నదనడానికి సాక్ష్యం కాదు.

సరిచేసుడు పది నిమిషాల పని. సర్టిఫికెట్ తెచ్చిపెట్టే టూల్ సర్ట్‌బాట్ వాడితే లైవ్ ఫోల్డర్‌లో సర్ట్ డాట్ పెమ్, చైన్ డాట్ పెమ్, ఫుల్‌చైన్ డాట్ పెమ్, ప్రైవ్‌కీ డాట్ పెమ్ ఉంటయ్, ఇంజినెక్స్ (వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్)లో ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ లైన్‌లో ఇవ్వాల్సింది ఫుల్‌చైన్, సర్ట్ కాదు. కొనుక్కున్న సర్టిఫికెట్ అయితే జిప్‌లో సీఏ (సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ) బండిల్ అని ఇంకో ఫైల్ వస్తది, రెండింటిని కలపాలె, మీది పైన, ఇంటర్మీడియట్ కింద. తారుమారు చేస్తే ఇంజినెక్స్ కీ వాల్యూస్ మిస్‌మ్యాచ్ అని స్టార్టే కాదు. ఇంకొకటి, మొదటి ఫైల్ చివర్ల ఎంటర్ లేకపోతే ఎండ్ సర్టిఫికెట్, బిగిన్ సర్టిఫికెట్ రెండూ ఒకే లైన్‌లో అతుక్కుంటయ్, గీతలు గీతలుగా కనబడతది కాబట్టి కంటికి తేడా తెల్వదు, ఫైల్ మాత్రం చదవరాదు. ఫైల్ తెరిచి ఆ లైన్ చూసుకోండి.

చైన్ కుదిరితే సరిపోదు

సంతకాలు కరెక్టు, తేదీలు కరెక్టు, అయినా సర్టిఫికెట్‌లో ఉన్న సైట్ పేరు మీ సర్వర్‌దేనా అని చూడకపోతే మొత్తం దండగ. ఎవడైనా తన సొంత డొమైన్‌కి ఫ్రీగా అసలైన సర్టిఫికెట్ తెచ్చుకుని మీ సర్వర్ జాగాలో నిలబడొచ్చు, వాని చైన్ రూట్ దాకా సక్కగ పోతది. పేరు చూసేది సబ్జెక్ట్ ఆల్టర్నేటివ్ నేమ్ అనే గడిలో, పాత కామన్ నేమ్‌లో కాదు, క్రోమ్ 2017లోనే దాన్ని చూసుడు బంద్ పెట్టింది. పీహెచ్‌పీలో కర్ల్ వాడేటోళ్లు వెరిఫై హోస్ట్‌కి 2 ఇవ్వాలె, ట్రూ అని రాస్తే పాత వెర్షన్లలో అది 1 అయ్యి పేరు సరిగ్గ పోల్చకనే వదిలేసేది.

నడిమి సర్టిఫికెట్‌కి సంతకం పెట్టే హక్కు ఉన్నదా, అంటే బేసిక్ కన్‌స్ట్రెయింట్స్‌లో సీఏ ట్రూ ఉన్నదా అనేది కూడా చూడాలె. 2002లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఇది చూడలే, మామూలు సైట్ సర్టిఫికెట్ ఉన్నోడు వేరే సైట్ పేరు మీద సంతకం పెట్టుకోగలిగిండు. 2014లో యాపిల్ కోడ్‌లో గోటు ఫెయిల్ అనే లైన్ రెండుసార్లు పడి సంతకం చెక్ మొత్తం దాటిపోయింది. అంత పెద్ద కంపెనీలే తప్పినయ్, అందుకని చైన్ వెరిఫికేషన్ సొంతంగా రాయకండి. లైబ్రరీ ఏం చేస్తదో దాన్ని చేయనియ్యండి.

మీ సాఫ్ట్‌వేర్ ఏ ట్రస్ట్ స్టోర్ చూస్తదో తెలుసుకోండి. జావాకి సొంత సీఏసర్ట్స్, పైథాన్ రిక్వెస్ట్స్‌కి సర్టిఫై, నోడ్‌కి మొజిల్లా లిస్టు లోపలనే ఉంటది. ఇది చిన్న ముచ్చట కాదు. 2014 జులైలో మన కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ ఇంటర్మీడియట్ నుంచి గూగుల్ డొమైన్ల పేరు మీద దొంగ సర్టిఫికెట్లు బయటికొచ్చినయ్, దాని పైనున్న ఇండియా సీసీఏ (దేశంలో సర్టిఫికెట్ సంస్థలను చూసుకునే ప్రభుత్వ ఆఫీసు) రూట్ మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఉండేది కాబట్టి విండోస్ మీద నడిచే ప్రోగ్రాంలు వాటిని నమ్మే పరిస్థితి, సొంత స్టోర్ ఉన్న ఫైర్‌ఫాక్స్‌కి ఏం కాలే.

ఈసారి సీజన్ నడుమ పడే దెబ్బ

ఏడాదికోసారి సర్టిఫికెట్ కొని మర్చిపోయే అలవాటు ఇక నడవదు. 2020 సెప్టెంబర్ నుంచి 398 రోజులు ఉండేది, 2026 మార్చి 15 నుంచి ఇచ్చే సర్టిఫికెట్లకి గరిష్ఠంగా 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100, 2029 మార్చి 15 నుంచి 47. లెక్క చూడండి, జూన్ మొదట్లో వేసింది డిసెంబర్ మూడో వారంలో అయిపోతది, మార్కెట్ నిండా బస్తాలు ఉన్న టైంలో. ఆ రోజు యార్డులో రైతులు లైన్‌లో ఉంటరు, వ్యాపారి ఫోన్ మీద ఫోన్ చేస్తడు, గప్పుడే ఎవడో "ఇప్పటికి ఆఫ్ చేయన్నా, సాయంత్రం పెడదాం" అంటడు. ఆ సాయంత్రం రాదు. వెరిఫికేషన్ ఆఫ్ చేయకండి. సర్టిఫికెట్ రెన్యూ చేయండి.

ఫ్రీగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లు గడువు ముంగట మెయిల్ పంపుతరు కదా అని కూర్చోకండి, 2025 జూన్ 4 నుంచి ఆ రిమైండర్లు ఆపేసిన్రు. మీరే మానిటరింగ్ పెట్టుకోవాలె.

ఇగ మిగిలినవి వరుసగ రాస్తున్న, సీజన్ ముంగట కూర్చుని ఒక్కొక్కటి చూడండి:

– చెకింగ్‌ని ఆపేసే ఈ మాటలను కోడ్ మొత్తంలో వెతకండి: వెరిఫై ఈక్వల్ ఫాల్స్, ఇన్‌సెక్యూర్ స్కిప్ వెరిఫై, నోడ్ టీఎల్ఎస్ రిజెక్ట్ అనాథరైజ్డ్ 0, కర్ల్ మైనస్ కె, ఎప్పుడూ ట్రూ ఇచ్చే హోస్ట్‌నేమ్ వెరిఫయర్, ఖాళీ ట్రస్ట్ మేనేజర్. క్రాన్ స్క్రిప్టులు, డాకర్ ఫైళ్లు కూడా. దొరికింది దొరికినట్టు తీసేయండి.

– "టెస్టింగ్‌కి మాత్రమే" అని కామెంట్ ఉన్నా తీసేయండి.

– ఎర్రర్ రాంగనే ముందు ఆ మిషన్ తేదీ చూడండి. కాంటా దగ్గరి పాత కంప్యూటర్లలో సీమోస్ బ్యాటరీ (లోపలి గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ) పోయి తేదీ ఎన్నో ఏండ్లు వెనక్కి పోతది, మంచి సర్టిఫికెట్ కూడా ఇంకా చెల్లదు అని చూపిస్తది. కొత్త బ్యాటరీ వేయండి, కోడ్ ముట్టుకోకండి.

– సర్వర్ ఏ సర్టిఫికెట్ పంపుతదో చూపే ఓపెన్ ఎస్ఎస్ఎల్ ఎస్ క్లయింట్ కమాండ్‌తో చూసేటప్పుడు సర్వర్‌నేమ్ ఇవ్వండి, కనెక్ట్ అయింది కదా అని మురవకండి, అది ఫెయిలైనా కనెక్షన్ ఆపదు. కింద వెరిఫై రిటర్న్ కోడ్ చదవండి. 0 రావాలె. 21 వస్తే చాలాసార్లు ఇంటర్మీడియట్ లేనట్టు, 10 అయితే గడువు అయిపోయింది, 19 అయితే ఆఫీసు ప్రాక్సీయో యాంటీవైరసో నడుమ దూరి ఉండొచ్చు. పేరు చెక్ కావాలంటే వెరిఫై హోస్ట్‌నేమ్ అని వేరేగ ఇవ్వాలె.

– ఆఫీసు ప్రాక్సీ ఉంటే దాని రూట్‌ని ఆ మిషన్ స్టోర్‌కి కలపండి. వెరిఫికేషన్ ఆఫ్ చేయకండి.

– ఆండ్రాయిడ్ 7.1.1 కన్నా పాత ఫోన్లలో లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ల ఐఎస్ఆర్‌జీ రూట్ ఎక్స్1 ఉండదు, జావా 8లో 141 అప్‌డేట్ నుంచే ఉంటది. మీ వ్యాపారుల దగ్గర అసొంటి ఫోన్లు ఉంటే ఆ రూట్‌ని యాప్ లోపలనే పెట్టి, లైబ్రరీకి ఇచ్చే ట్రస్ట్ స్టోర్‌లో కలపండి, నెట్‌వర్క్ సెక్యూరిటీ కాన్ఫిగ్ ఆండ్రాయిడ్ 7.0 నుంచే పనిచేస్తది. ఆఫ్ చేయకండి.

– ఇంటర్మీడియట్‌ని కోడ్‌లో రాసిపెట్టకండి, వాళ్లు చెప్పకుండ మారుస్తరు. ఒక్క సైట్ సర్టిఫికెట్‌నే పిన్ చేయకండి, అంటే అదొక్కటే నమ్మేటట్టు యాప్‌ని కట్టేయకండి.

– రెన్యూ అయినంక ఇంజినెక్స్ రీలోడ్ కావాలె, డిప్లాయ్ హుక్ (రెన్యూ కాంగనే దానంతట అదే నడిచే కమాండ్) పెట్టండి. డిస్క్ మీద కొత్తది, మెమరీలో పాతది ఉంటే సైట్ పడిపోతది.

– ప్రైవేట్ కీ (సర్టిఫికెట్‌కి తాళంచెవి లాంటి రహస్య ఫైల్) వాట్సాప్‌లో పంపొద్దు.

– బ్యాడ్ఎస్ఎస్ఎల్ డాట్ కామ్‌లో గడువు అయిపోయినవి, పేరు కలవనివి, నమ్మరాని రూట్ ఉన్నవి పెట్టి ఉంచిన్రు, మీ యాప్ వాడే అదే కోడ్‌తో వాటికి కనెక్ట్ చేసి చూడండి. మూడింటికీ ఫెయిల్ కావాలె. ఒక్కదానికి కనెక్ట్ అయినా రిలీజ్ ఆపండి, ఎవరు తొందర పెట్టినా సరే.

– ఖాళీ ట్రస్ట్ మేనేజర్ ఉన్న యాప్‌ని గూగుల్ ప్లే పట్టుకుంటది, వాట్సాప్‌లో పంపే ఏపీకేని (యాప్ ఫైల్‌ని) ఎవరూ పట్టుకోరు. ఆ ఏపీకేలు బంద్ చేయండి.

– సరిచేసిన వెర్షన్ ఇచ్చినంక పాత వెర్షన్‌ని సర్వర్ నుంచే ఆపండి, లేకపోతే పాత ఏపీకే ఉన్నోళ్ల ఫోన్లలో ఆ ఖాళీ ఫంక్షన్ అట్లనే నడుస్తది. పాత యాప్‌లో కొట్టిన పాస్‌వర్డ్‌లన్నీ మార్పించండి, సీజన్‌లో ఎక్కిన అకౌంట్ నంబర్లను రైతుల పాస్‌బుక్‌తో ఇంకోసారి సరిచూసినంకనే పేమెంట్లు వదలండి.