పీఎఫ్‌లో మీ వాటా 2.5 లక్షలు దాటిందా? పన్ను పడే వడ్డీని లెక్కగట్టడం ఎలా?

కావాల్సినవి: పీఎఫ్ పాస్‌బుక్, పేస్లిప్పులు, ఒక ఎక్సెల్ షీటు. కంపెనీ సొంతంగా పీఎఫ్ ట్రస్టు నడుపుతుంటే ఆ ట్రస్టు ఇచ్చే స్టేట్‌మెంటు.

ముందుగా, ఏడాదిలో మీ జీతంలోంచి కోసిన పీఎఫ్, వీపీఎఫ్ (తప్పనిసరి వాటాకి మించి మీరే కోరి కట్టేది) రెండూ కూడండి. కంపెనీ వాటా కలపొద్దు. మొత్తం 2.5 లక్షలు దాటకపోతే ఈ లెక్కతో మీకు పనిలేదు. వీపీఎఫ్ లేకుండా 12 శాతమే కోయించుకునేవారికి బేసిక్, డీఏ కలిపి నెలకు 1.73 లక్షలు దాటితే తప్ప ఆ గీత తగలదు. యజమాని వాటా లేని, ప్రభుత్వోద్యోగుల జీపీఎఫ్ లాంటివాటికి పరిమితి 5 లక్షలు. ఉద్యోగం మారినవాళ్లు రెండు చోట్లా కోసింది కలుపుకోవాలి. పరిమితి మనిషికే గానీ ఖాతాకి కాదు.

తర్వాత షీటులో రెండు వరసలు గీయండి: పన్ను లేనిది, పన్ను పడేది. 1962 నాటి ఆదాయపు పన్ను నియమాల్లో 9డి నిబంధన చెప్పిందీ ఇదే. ఈ పన్ను ఆ తర్వాత కట్టినదానికే కాబట్టి, 31 మార్చి 2021 నాటి నిల్వ మొత్తం మొదటి వరసలోకి వెళ్తుంది.

తప్పులన్నీ జరిగేది దీని తర్వాతే. పన్ను పడేది పరిమితికి మించి కట్టిన అసలు మీద కాదు, దాని వడ్డీ మీద. పోనీ ఆ అదనాన్ని పీఎఫ్ వడ్డీ రేటు 8.25 శాతంతో గుణిస్తే సరిపోతుందా అంటే, అదీ తప్పే.

నెలకు 30,000 చొప్పున 2023-24లో మీ వాటా 3.6 లక్షలు అయిందనుకోండి. నవంబరుదాకా పడిన 2.4 లక్షలు మొదటి వరసవే. డిసెంబరులో 10,000 మొదటి వరసకి, 20,000 రెండోదానికి. జనవరి నుంచి మార్చిదాకా పడిన 90,000 పూర్తిగా రెండోదే. అంటే అదనం 1,10,000. దీన్ని నేరుగా గుణిస్తే 9,075 వస్తుంది. కానీ ఒక నెలలో పడిన డబ్బుకి వడ్డీ మొదలయ్యేది పై నెల నుంచి. డిసెంబరు 20,000కి మూడు నెలలు, జనవరి 30,000కి రెండు, ఫిబ్రవరి 30,000కి ఒకటి, మార్చిదానికి సున్నా. నిజంగా వచ్చే వడ్డీ 1,031 రూపాయలే.

ఇంత తక్కువ చూసి చాలామంది షీటు మూసేస్తారు. మూయకండి. 2024-25లో ఆ 1,11,031 ఓపెనింగ్ బ్యాలెన్సు అవుతుంది. దానిమీద 9,160, కొత్త అదనం మీద మళ్లీ 1,031. మొత్తం 10,191. ముప్పై శాతం శ్లాబులో సెస్సుతో కలిపి పన్ను సుమారు 3,180. ఈ ఏడాది నుంచి వీపీఎఫ్ ఆపేసినా రెండో వరసలో ఉన్నది వడ్డీ పెడుతూనే ఉంటుంది, దానికి ఏటా పన్నూ పడుతూనే ఉంటుంది.

పెద్ద జీతగాళ్ల పొదుపు మొత్తానికీ మినహాయింపు అక్కర్లేదన్నది సబబే. అయితే 2021 నాటికే కోట్లు పోగేసినవారి పాత నిల్వను ముట్టుకోకుండా, ఆ తర్వాత పొదుపు మొదలెట్టినవారిని పట్టుకోవడం ఏం న్యాయం? పైగా 2.5 లక్షల గీత ధరలతోపాటు పెరిగే ఏర్పాటు చట్టంలో లేదు.

అందుకే వీపీఎఫ్‌ని, మీ పీఎఫ్‌తో కలిపి నెలకు 20,833 దగ్గర ఆపేయాలి. అది దాటాక 8.25 శాతం వడ్డీలో ముప్పై శాతం శ్లాబువారికి పన్ను పోగా మిగిలేది 5.7 శాతం లోపే. 7.1 శాతం ఇస్తూ పన్ను లేని పీపీఎఫ్‌లో 1.5 లక్షలు నింపకుండా వీపీఎఫ్ పెంచడం తెలివితక్కువ పని.

రిటర్నులో దీన్ని ‘ఇతర ఆదాయం’ కింద పీఎఫ్ వడ్డీకి ఉన్న ప్రత్యేక గడిలో వేయండి, బ్యాంకు వడ్డీతో కలిపేయొద్దు. టీడీఎస్ కోశారు కదా అని వదిలేయకండి. పాన్ ఉంటే కోసేది పది శాతమే, మిగతాది మీరే కట్టాలి. చిన్న మొత్తమని టీడీఎస్ కోయకపోయినా చూపించాల్సిందే. ఏఐఎస్‌లోని (మీ ఏడాది ఆదాయాల గురించి పన్ను శాఖ చూపించే పట్టిక) అంకె మీ షీటుతో కలవకపోతే, ముందు ఉద్యోగం మారిన నెలలు చూడండి. రెండు ఖాతాలు ఉన్నప్పుడు రెండు చోట్లవాళ్లూ ఎవరికి వారు 2.5 లక్షలు లెక్కేసుకుని, అదనమే లేదని తేల్చేస్తారు.