చిల్లు కాణీల్లో తేడాలు పట్టుకోవడం ఎలా

1943 నుంచి 1947 దాకా వచ్చిన చిల్లు కాణీలంటే, అంటే మధ్యలో చిల్లున్న బ్రిటిష్ కాలపు చిన్న నాణేలంటే, నాకు ప్రాణం. రెండో ప్రపంచ యుద్ధంలో రాగికి కరువొచ్చి, 4.8 గ్రాముల పాత కాణీని 2 గ్రాములకు తగ్గించి, మధ్యలో చిల్లు పెట్టారు. చూడటానికి అన్నీ ఒకటే అనిపిస్తాయి. కానే కావు.

ముందు సంవత్సరాల వారీగా కుప్పలు పెట్టండి. తర్వాత పదింతల లెన్స్ తీసుకుని నాణెం మీదున్న కిరీటం బొమ్మ చూడండి. అసలు విషయమంతా అక్కడే ఉంది. కొన్నిటిలో కిరీటం పైకి లేచి ఉంటుంది, కొన్నిటిలో గుండ్రంగా, కొన్నిటిలో నొక్కినట్టు చదునుగా. ఒక్కదాన్నే చూస్తే తెలియదు. రెండు పక్కపక్కన పెట్టి, వెలుతురు పక్కనుంచి పడేలా తిప్పాలి. సంవత్సరం అంకెల సైజూ పోల్చండి, చిన్నవీ పెద్దవీ రెండూ ఉన్నాయి.

ఆ తర్వాత సంవత్సరం కింద చూడండి. నాణెం ఏ టంకశాలలో కొట్టారో అక్కడ తెలుస్తుంది. చుక్కలాంటి గుర్తుంటే బొంబాయి, ఎల్ అక్షరముంటే లాహోర్. ఏమీ లేకపోతే వెంటనే కలకత్తా అనేయకండి, దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో కూడా మన కాణీలు కొట్టారు.

మన ఇళ్లలో వీటిని పిల్లల మొలతాడుకు కట్టేవాళ్లు. అలాంటి వాటిలో చిల్లు అంచు ఒకవైపు అరిగి ఉంటుంది. దాన్ని కొత్త రకం అనుకోవద్దు. అరిగిన కిరీటం కూడా చదునుగానే కనిపిస్తుంది కాబట్టి, వెనకవైపు ఆకుల దండలో ఈనెలు స్పష్టంగా ఉన్న నాణేన్నే లెక్కలోకి తీసుకోండి.

చింతపండుతో మాత్రం తోమకండి, దయచేసి. సన్నటి గీతలన్నీ పోతాయి.